ప్రక్కకు తిరిగి చూచుట
(ఈ నెల ధ్యానపాఠము)

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 3:1-6, మత్తయి 6:25-34, మార్కు 6:30-34.



మన పల్లెల బ్రదుకు గానుగెద్దు నడకవంటిది. కోడి కూయగానే లేచుట, పేడ తీయుట, పాలు పితికి కేంద్రములో పోయుట, వేరుసెనగ చేనికో మామిడి తోటకో పోవుట, చీకటి పడగా సంగటి తిని పండుకొనుట. ఈ క్రమము చెడ్డది కాదు. దీనివలననే మన యిండ్లు నిలుచుచున్నవి. అయితే నిత్యము ఒకే దారిని నడచువాని కన్ను మొద్దుబారును. దేవుడు మన ముంగిట నుంచిన మేలును కూడ చూడలేక పోదుము.

1. మోషే తన దారి విడిచెను

మోషే మిద్యానులో నలువది యేండ్లు గడపెను (అపొ. కార్య. 7:30). మంద అదే, అరణ్యము అదే. ఒకనాడు పొద మండుచున్నను కాలిపోకుండుట చూచి, “గొఱ్ఱెలను తోలుకొని పోవలెను, నాకు తీరిక లేదు” అని అతడు అనుకొనలేదు; ఆ తట్టు తిరిగెను. అతడు తిరిగిన తరువాతనే దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచెనని 4వ వచనము తెలుపుచున్నది.

2. మేము సిగ్గుపడిన దినము

2021 నవంబరులో మన ప్రాంతమున మిక్కుటముగా వానలు కురిసినవి. అవి అందరికిని సంతోషము కలిగింపలేదు. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడునేమోయని, దాని క్రింది పల్లెలవారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. మా యూరి చెరువు మాత్రము కీడు లేకుండ నిండి మొరవ పోయెను.

ఆ ఆదివారము ఒక వృద్ధురాలు ఆరాధనకు ఆలస్యముగా వచ్చెను. కారణమడుగగా, “చెరువు కట్టమీదుగా వచ్చినానయ్యగోరూ. అన్ని నీళ్లు చూసి ఎన్నేండ్లయిందో! కాసేపు నిలబడితి” అనెను. మేము అందరి యెదుట ఆమెను గద్దించితిమి. ఆనాటి మా ప్రసంగము 65వ కీర్తన. దేవుడు భూమిని దర్శించి తడుపుటను గూర్చినది. మేము నీళ్లను గూర్చి మాటలాడితిమి. ఆమె నీళ్లను చూచి దేవుని స్తుతించి వచ్చెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఆమెతో కూడ కట్టమీదికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆమె దానిని లెక్కచేయక, “అదిగో చూడండయ్యా, లకుముకి పిట్ట!” అని చూపెను. ఎన్నో యేండ్లు ఆ యూరిలో ఉండియు మేము ఆ కట్ట ఎక్కియుండలేదు.

3. పక్షులను చూడ పోవుట

తరువాతి జనవరిలో సంఘస్థులు కొందరము బస్సులో నేలపట్టుకు పోతిమి. దొరవారిసత్రము మండలములోని ఆ చెరువు 1976లో పక్షుల రక్షిత కేంద్రమాయెను. నేడది తిరుపతి జిల్లాలో నున్నది. నీటిలో నిలిచిన చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టును. దాపుననే యున్న పులికాట్ సరస్సులోను చుట్టుపట్ల చెరువులలోను చేపలు పట్టి తెచ్చును. పిల్లలు తల్లి నోటి సంచిలో తలదూర్చి మేత తినును. భార్య చనిపోయినది మొదలు ఎవరితోను సరిగా మాటలాడని మా పెద్ద యొకాయన అది చూచి పకపక నవ్వెను. విత్తని కోయని పక్షులను చూడుమని ప్రభువు చెప్పిన మాట మాకు ఆనాడు తేటగా తెలిసెను. అయితే ఆ యూరివారికి అది దినదినము కనబడునదే. మనకు నిత్యమైనది వేరొకనికి వింత కాదా?

4. మరల పనికి వచ్చుట

తినుటకైన తీరికలేని శిష్యులను యేసు ఏకాంతస్థలమునకు పిలిచెను. అయినను జనసమూహము ఎదురుపడగా వారిమీద కనికరపడెను. కావున ప్రక్కకు తిరుగుట పని ఎగవేయుట కాదు. కాడి దించిన యెద్దు తిరిగి దున్నుటకే గదా నీడను నిలుచును.

ఈ నెల చేయవలసినది: చేనికి పోవునప్పుడు ఒక దినము వేరొక బాటను పొండి. ఎన్నడును కూర్చుండని పొరుగువారి అరుగుమీద కొంతసేపు కూర్చుండుడి. చూచినదానిని రాత్రి కుటుంబ ప్రార్థనలో చెప్పుకొనుడి. ఖర్చు ఏమియు లేదు.

ప్రశ్నలు:
1. మోషే తిరిగి చూడకపోయిన యెడల ఏమి పోగొట్టుకొనియుండును?
2. మన యూరిలో మనము ఎన్నడును నిలిచి చూడనిది ఏది?
3. ఇతరుల చిన్న సంతోషమును మనము గద్దించితిమా?

ప్రార్థన: ప్రభువా, మొద్దుబారిన మా కన్నులు తెరువుము. నీవు చూపువాటిని నిలిచి చూచు తీరికను, చూచి మరల పనికి పోవు బలమును మాకు దయచేయుము. ఆమేన్.