కంటి లోతు కొలిచే శబ్దం

విశాఖ రేవుకొచ్చే ఓడ నీటి లోతు ఎలా తెలుసుకుంటుంది? అడుగుకు శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే కాలాన్ని లెక్కిస్తుంది. కంటి పరీక్షలోనూ ఇదే సూత్రం.

కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. దానికీ కటకానికీ మధ్య చిన్న నీటి గది ఉంటుంది. ఆ నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1532 మీటర్లు. రెండింటి ప్రతిధ్వనుల మధ్య తేడా 3.9 మైక్రోసెకన్లు అనుకుందాం. వేగాన్ని కాలంతో గుణించి, రానూపోనూ కాబట్టి రెండుతో భాగిస్తే లోతు సుమారు 3 మిల్లీమీటర్లు. మన హైస్కూలు లెక్కే!

1990 ప్రాంతంలో టొరంటోలో పావ్లిన్, ఫాస్టర్ బృందం 50 మెగాహెర్ట్జ్ శబ్దంతో అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీని రూపొందించింది. కార్నియా మసకబారి వెలుగు దూరకపోయినా శబ్దం దూరుతుంది.

గది లోతు తక్కువైతే నీరు పోయే దారి మూసుకుపోవచ్చు. ఒత్తిడి పెరిగి కంటి నరం చెడుతుంది. నీటికాసుల్లో ఇదొక రకం. అలా పోయిన చూపు తిరిగి రాదు.

మా అమ్మమ్మ చూపు నీటికాసులతోనే పోయింది. వయసు ప్రభావమని ఊరుకున్నాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ పట్టాను ఆమె చేత్తో తడిమి చూసింది.

సెలవులకు వెళ్లినప్పుడు నలభై దాటిన పెద్దలకు కంటి పరీక్ష చేయించండి. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది.