పాల వాసన అంటూ దుపట్టా వెనక్కి పంపితే

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు అమ్ముతాను. గీతలు వంకరని, పాల వాసనని కొందరు డబ్బు తిరిగిమ్మంటున్నారు. ఏం చేయను?

జవాబు: వాదనకు దిగకండమ్మా. ముందు పగటి వెలుతురులో ఫొటో తీసి పంపమనండి. గీత మందం అక్కడక్కడా మారిందంటే అది కలం పని, లోపం కాదు. రంగు పక్క బొమ్మలోకి పాకిందా, తప్పు మనదే. మారుమాట లేకుండా డబ్బిచ్చేయండి.

వాసన సంగతి అమ్మకముందే చెప్పాలి. గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెడతారనీ, నల్లగీతకు ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన కసిమి వాడతారనీ చీటీ రాసి పార్సిల్లో పెట్టండి. కొనేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, పాపం.

బేరం దగ్గర మాత్రం మెత్తబడొద్దు. ఒకరికి తగ్గించిన ధర వాట్సాప్‌లో అందరికీ తెలిసిపోతుంది. చెప్పి గీయించుకునే ఆర్డర్లకు సగం సొమ్ము ముందే తీసుకోండి.