బంగారము లేని బంగరు పళ్ళెరములు

కాకతీయుల వరాహ లాంఛనమును, ఆసఫ్‌జాహీ పతాకముపై కుల్చా గుర్తును మన విద్యార్థులు ఎరిగినవారే. ఐరోపా ప్రభు కుటుంబములకును ఇట్టి వంశచిహ్నములు గలవు. డాలు ఆకారమున సింహమునో, పక్షినో, రంగుపట్టెలనో చిత్రించుకొనెడివారు. ఆ డాళ్ళను మెరుపు పూత గల మట్టి పళ్ళెరములపై వ్రాయించుకొనిన వైనమును ఇచట వివరింప దలచితిమి.

మట్టి పాత్రలపై ఈ మెరుపు పూత 9వ శతాబ్దమున అబ్బాసీల ఇరాకులో వెలసినది. పాత్రను ఒకమారు కాల్చి, తగరపు భస్మము కలిసిన తెల్లని గాజుపూత పూసి మరల కాల్చుదురు. చల్లారిన పిదప వెండి, రాగి సమ్మేళనములను మట్టితోను సిర్కాతోను నూరి బొమ్మ వ్రాసి, మూడవమారు మందమైన వేడిమిలో, పొగ క్రమ్మునట్లు కాల్చుదురు. గాలి చాలని మంట ఆ సమ్మేళనములలోని ఆమ్లజనిని లాగికొనగా లోహము అతి సూక్ష్మమగు పొరగా నిలుచును. పైమసిని తుడిచిన బంగారపు కాంతి! బంగారము మాత్రము వీసమెత్తు లేదు. ఆవమును మూసి, పొగ పట్టించి నల్లకుండలు కాల్చు మన కుమ్మరులదియు ఈ సూత్రమే. కాషాన్ కుమ్మరి వంశీయుడు అబుల్ ఖాసిం 1301లో ఈ విద్యను పారసీకమున వ్రాసిపెట్టెను. వెండి బంగారు పాత్రలలో భుజింపరాదను హదీసే ఈ కళకు మూలమని కొందరందురు. మాకు అది పూర్తి కారణముగా తోచదు. మెరుపును కోరని దర్బారు ఏది?

ఈ విద్య స్పెయిన్‌లోని మలాగాకు, అటనుండి వాలెన్సియా చెంతనున్న మనీసెస్‌కు చేరినది. 1454లో అరగాన్ రాణి మరియా అచటినుండి భోజనపాత్రలు కోరి లేఖ వ్రాసెను. ఫ్లారెన్సు మెదీచీల డాలు గల కలశమొకటి నేడు బ్రిటిష్ మ్యూజియమున గలదు. గాడ్‌మన్ కుటుంబము సేకరించిన ఆ సంపుటి 1983లో అచటికి చేరినది. పాత్రలపై డాళ్ళ చుట్టును మరియొక వింత తరచు కన్పట్టును. 'అల్ ఆఫియ' అను అరబ్బీ పదము మరల మరల వ్రాయబడి, తుదకు అక్షరరూపము చెడి వట్టి అల్లికగా మారినది. మనము ఉత్తరములలో వ్రాయు 'ఖైర్-ఓ-ఆఫియత్'లోని ఆఫియతే అది! క్రైస్తవ ప్రభువులు తమకు తెలియకయే అరబ్బీ దీవెనలో భుజించిరన్నమాట. పళ్ళెరముపై ప్రభువు వంశము తెలియును. చేసిన కుమ్మరి పేరు తెలియదు. వారిలో పెక్కుమంది ముస్లిములు. 1609లో వెలువడిన రాజాజ్ఞతో వారి సంతతివారు వాలెన్సియా నుండి వెడలగొట్టబడిరి.

సేకరించువారు పళ్ళెరమును త్రిప్పి వెనుకవైపును చూతురు. అచటను సింహమో పక్షియో ఉండవచ్చును. డాలు ఏ వంశమువారిదో తేలినచో కాలమును కొంత తేలును. అయినను 19వ శతాబ్దమున ఫ్లారెన్సులో కాంతగల్లి కార్ఖానా పాత పద్ధతిలో క్రొత్తవి చేసినది గనుక డాలునే నమ్మరాదు. బూడిదతో తోమిన మెరుపు పోవును.

అట్టివి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఇండ్లలో దొరకునని ఆశ పెట్టుట మా ఉద్దేశము కాదు. కాని అటకలపై చీనీ రికాబీలు, బీదరీ ఉగల్‌దానులు, పెంబర్తి ఇత్తడి పాత్రలు నున్నవి. స్టీలు గిన్నెలకు మారకముగా పోవుచున్నవి. వేసవి సెలవులలో మీ యింటి వస్తువునొకదానిని త్రిప్పి చూడుడు. ముద్ర ఏమున్నది, ఎవరు తెచ్చిరి, ఏ పెండ్లికి వచ్చినది, నానీ దాదీల నడిగి ఒక కాగితముపై వ్రాసి మాకిండు. వస్తువును మాత్రము ఇంటనే ఉంచుడు.