తెరకు తాళం: పడకపోతే, తెరుచుకోకపోతే

లైబ్రరీలోనో కాఫీ కొట్లోనో లాప్‌టాప్ వదిలి రెండు నిమిషాలు పక్కకెళ్ళాలంటే తెరకు తాళం వెయ్యాల్సిందే. లినక్సులో గ్నోమ్ వాడేవారికి విండోస్ మీటతో పాటు ఎల్ నొక్కితే చాలు. అయితే ఈ తాళానికి రెండు జబ్బులున్నాయి. ఒకటి, వేసినా పడకపోవడం. రెండు, పడ్డాక తెరుచుకోకపోవడం. మాంట్రియల్లో చదువుకునే, పనిచేసే మనవాళ్ళకు రెండోదానికి ఒక స్థానిక కారణం కూడా ఉంది. ముందు దాని సంగతే చూద్దాం.

సంకేతపదం సరైనదే, మీటలే వేరు

క్యూబెక్‌లో దొరికే లాప్‌టాప్‌లు చాలావాటికి ఫ్రెంచి మీటలుంటాయి. అందులోనూ రెండు రకాలు: పాత 'కెనడియన్ ఫ్రెంచ్', 1992 నాటి కెనడా ప్రమాణాన్ని అనుసరించే 'మల్టీలింగ్వల్'. షిఫ్టుతో 2 నొక్కితే రెండోదాంట్లో @ వస్తుంది. మొదటిదాంట్లో కొటేషన్ గుర్తు వస్తుంది. @ కావాలంటే కుడివైపు ఆల్ట్ మీటతో 2 నొక్కాలి. షిఫ్టుతో 3 నొక్కితే ఒకదాంట్లో #, ఇంకోదాంట్లో / వస్తాయి. తాళం తెర మీద కనిపించేవి చుక్కలే కాబట్టి తప్పెక్కడ జరిగిందో మనకు తెలియదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కూడా పెట్టుకున్నవారికి ఇది ఇంకో చిక్కు.

మందు ఇది. సంకేతపదం పెట్టె దగ్గరో తెర మూలనో మీటల అమరిక పేరు కనిపిస్తుంది, దాన్ని మార్చి చూడండి. కొత్త గ్నోమ్‌లో పెట్టె చివర కన్ను బొమ్మ ఉంటుంది. పక్కన ఎవరూ లేకుండా చూసి దాన్ని నొక్కితే మీరు కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి. అన్నిటికన్నా మేలైన ఉపాయం, గుర్తులు లేకుండా మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో పొడవాటి సంకేతపదం పెట్టుకోవడం. కెనడా అమరికలు రెంటిలోనూ అవి అమెరికా అమరికలో ఉన్నచోటే ఉంటాయి.

తాళం పడకపోతే

సెట్టింగుల్లో ప్రైవసీ కింద 'స్క్రీన్ లాక్' చూడండి. అక్కడ రెండు వేర్వేరు సమయాలుంటాయి: తెర ఆరిపోవడానికి ఒకటి, ఆరాక తాళం పడడానికి మరొకటి. రెండోది అరగంట అని ఉంటే, తెర నల్లబడ్డా తలుపు తీసే ఉంటుందన్నమాట.

అదీ సరిగ్గానే ఉంటే, లాగిన్ తెర ఏ ప్రోగ్రాముదో చూడండి. గ్నోమ్ తాళం తన సొంత లాగిన్ ప్రోగ్రాము జీడీఎంతోనే పనిచేస్తుంది. ఇంకో డెస్క్‌టాప్ ఎక్కించినప్పుడు లైట్‌డీఎంను ఎంచుకుని ఉంటే, గ్నోమ్‌లో తాళం పడదు.

మూత తెరిస్తే నల్లతెరే ఉంటే

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి, సుడో అధికారంతో 'లాగిన్‌సీటీఎల్' ఆదేశానికి 'అన్‌లాక్-సెషన్స్' అని చేర్చి ఇవ్వండి. తరువాత ఎఫ్1 లేదా ఎఫ్2తో పాత తెరకు వెళ్ళవచ్చు. కానీ అంతకు ముందే అక్షరాల తెర నుంచి లాగౌట్ అవ్వడం మరవకండి. లేకపోతే ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టే.

ఇంత పట్టింపు ఎందుకు?

పాత ఎక్స్ పద్ధతిలో తాళం కూడా ఒక మామూలు ప్రోగ్రామే. అది కూలితే వెనకున్నదంతా బయటపడుతుంది. 2012లో కొన్ని పంపిణీల్లో కంట్రోల్, ఆల్ట్, కుడిపక్క అంకెల్లోని గుణకారం మీట కలిపి నొక్కితే తాళం ఊడొచ్చేది. లినక్స్ మింట్ తాళాన్ని పిల్లలు తెరమీది కీబోర్డును ఇష్టమొచ్చినట్టు నొక్కి తెరిచేసిన సంగతి 2021 జనవరిలో బయటపడింది. రెండు లోపాలనూ వెంటనే సరిచేశారు. వాటికి మందు అప్‌డేట్లే, కాబట్టి వాటిని వాయిదా వెయ్యకండి.

ఏ మార్పు చేసినా ఇంట్లోనే ఒకసారి తాళం వేసి, మూత మూసి, తెరిచి పరీక్షించుకోండి. ఆ తరువాతే లాప్‌టాప్‌ను గడప దాటించండి.