మురుగు మట్టిలోని లోహములు – మాగిన ఎరువు కట్టు

ఆదిలాబాదు మీదుగా ముద్ఖేడు పోవు రైలు దారి మాజ్రి జంక్షనులో చీలును. చంద్రపూర్ జిల్లాలోని ఈ ఊరి చుట్టును బొగ్గు గనులు కలవు. బొగ్గు తీయుటకై త్రవ్విపోసిన మట్టి ఇట్టి చోట్ల గుట్టలుగా నిలిచియుండును. ఆ మట్టిలో సారము తక్కువ, భారలోహములు ఉండును, గడ్డి సైతము సరిగా మొలవదు.

ఇట్టి మట్టికి మురుగు బురదయే ఎరువు కాగలదని నాగపూరులోని ‘నీరి’ శాస్త్రజ్ఞులు చూపిరి. ఈ పరిశోధన సంస్థ 1958లో స్థాపింపబడినది. ఒక బొగ్గుగని మట్టిగుట్టపై 10 హెక్టార్లలో, హెక్టారుకు 50 టన్నుల చొప్పున, మురుగునీటిని శుద్ధిచేయగా మిగిలిన బురదను వేసిరి. వేళ్ళకు మేలుచేయు సూక్ష్మజీవులను కలిపి చెట్లు పెంచిరి. 2008లో ప్రకటించిన ఫలితముల ప్రకారము క్రోమియము, రాగి, సీసము, కాడ్మియము మొదలగు లోహముల విషప్రభావము 34 నుండి 43 శాతము వరకు తగ్గినది.

లోహము నశించెనా? లేదు. పటిక పెట్టిన నూలు మంజిష్ఠ రంగును పట్టి ఉంచును. పటిక లేనిచో రంగు దిగిపోవును. మాగిన ఎరువు లోహమును అట్లే పట్టి ఉంచును. వేరు పీల్చు నీటిలోనికి అది తక్కువగా దిగును. రాగి, సీసము గట్టిగా అంటుకొనును. కాడ్మియము, జింకు అంతగా నిలువవు. నేలలో ఆమ్లము పెరిగినచో ఈ పట్టు సడలును. అందుకే అట్టి నేలకు సున్నము కలుపుదురు. పచ్చి పేడ పనికిరాదు; దానినుండి కరిగిన పదార్థము రాగిని నీటివెంట తీసికొనిపోగలదు.

మన కుటుంబములు గమనింపవలసినవి:

1. రంగు తొట్ల అడుగు మడ్డిని పెరటి ఎరువుకుప్పలో వేయరాదు. కొన్ని రంగులలో రాగి, క్రోమియము ఉండును. అద్దకపు నీటిని శుద్ధిచేయగా మిగులు బురదను అనుమతిగల స్థలమునకే పంపవలెను.

2. మురుగు బురద పడిన నేలలో ఆకుకూరలు, దుంపలు వేయరాదు. ఆకుకూరలు కాడ్మియమును సులభముగా పీల్చును. అచట నీడచెట్లు మేలు.

3. పట్టణపు కంపోస్టు కొనునపుడు పరీక్షాపత్రము అడుగవలెను. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము కిలోకు సీసము 100, క్రోమియము 50, కాడ్మియము 5 మిల్లీగ్రాములకు మించరాదు.

కొందరు సోదరులు ఎరువు కలిపినచో ఏ బురదయైనను శుభ్రపడునని తలంతురు. అది సరికాదని మా మనవి. ఎరువు లోహమును కట్టివేయును గాని తీసివేయదు. కట్టు ఎన్నడైనను సడలవచ్చును. గనిగుట్టపై చెట్టుకు సరిపోయిన ఉపాయము బిడ్డలు తిను కూరమడికి సరిపోదు. తొట్టిలోని మడ్డిని మొదటినుండియు వేరుగా ఉంచుటయే మేలైన మార్గము.