ఉమ్మనీరు - గర్భిణి ఆహారము

గర్భస్థ శిశువు నీటిలో పెరుగును. ఆ నీటినే ఉమ్మనీరు అందురు. అది శిశువునకు దెబ్బ తగులకుండ కాపాడును. బొడ్డుతాడు నలగకుండ చూచును. ఊపిరితిత్తుల ఎదుగుదలకు తోడ్పడును. ఎనిమిదవ నెల దాటునప్పటికి అది సుమారు ముప్పాతిక లీటరు మొదలు లీటరు వరకు ఉండును. స్కానింగులో గర్భాశయమును నాలుగు భాగములుగా చూచి కొలిచిన నీటి లోతుల మొత్తము 5 సెంటీమీటర్లకు మించనిచో ఉమ్మనీరు తగ్గినదని వైద్యులు భావింతురు.

అయిదవ నెల నుండి ఈ నీటిలో అధికభాగము శిశువు విడుచు మూత్రమే. తల్లి రక్తము నుండి మాయ ద్వారా నీరు, పోషణ చక్కగా అందిననే అది సమకూరును. తల్లి ఒంటిలో నీరు తగ్గినను, రక్తపోటు వలన మాయ సరిగా పనిచేయకున్నను, ఉమ్మసంచి ముందే చిట్లినను, నెలలు నిండియు కాన్పు జాప్యమైనను, శిశువు మూత్రపిండములలో లోపమున్నను ఉమ్మనీరు తగ్గును.

ఎక్కువ తినిన బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునని కొందరు పెద్దలు గర్భిణికి పథ్యము పెట్టుదురు. ఇది హానికరము. చోడి అంబలి, మజ్జిగ, కందిపప్పు, మునగాకు, తోటకూర, గ్రుడ్డు, చేప - ఇవన్నియు మన జిల్లాలలో దొరకునవే. నీరు చాలినంత త్రాగినచో తగ్గిన ఉమ్మనీరు కొంత పెరుగునని పరీక్షలలో తేలినది. అయితే ఏ ఆహారమును వైద్యునకు బదులు కానేరదు. ఉమ్మసంచి చిట్లినప్పుడు ఇంట నీరు త్రాగించుచు కాలము గడపుట ప్రమాదకరము.

శ్రీకాకుళము జిల్లా ఉద్దాన ప్రాంతమున, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలములలో, మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. ఈ వ్యాధి గల గర్భిణికి రక్తపోటు భయము హెచ్చు. కనుక తొలి నెలలలోనే రక్తపోటు, మూత్ర పరీక్షలు జరుగవలెను. తోటపనిచే కలుగు ఒంటినొప్పులకు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలను అంగడిలో కొని మ్రింగరాదు. 20 వారముల పిదప ఇవి శిశువు మూత్రమును తగ్గించి ఉమ్మనీటిని హరింపగలవని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు ఇవి:

1. ఆశా కార్యకర్త వద్ద గల గర్భిణుల జాబితాను ప్రతి నెల చూడవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో జరుగు ఉచిత పరీక్షలకు వారు వెళ్లునట్లు చూడవలెను.

2. 2023 డిసెంబరులో ఉద్దానమున రక్షిత మంచినీటి పథకము ప్రారంభమైనది. గొట్టములో నీరు వచ్చుట ఒకటి, అది గర్భిణి బిందెకు చేరుట వేరొకటి. ఏ వీధికి నీరు అందుటలేదో సభ్యులు స్వయముగా చూచి సరిచేయింపవలెను.

3. ఎండలో కూలిపని చేయు గర్భిణికి నీడ, త్రాగునీరు, విశ్రాంతి కల్పింపవలెను.

4. బిడ్డ కదలిక తగ్గినను, నీరు కారినను, తీవ్రమైన తలనొప్పి లేక ముఖమున వాపు కనబడినను, రాత్రియని ఆగక 108కి తెలుపవలెనని ప్రతి ఇంట చెప్పవలెను.

వచ్చే సమావేశమున తక్కిన విషయముల కంటె ముందు ఈ జాబితాను చదివింపుడు. అందు ఒక పేరు తప్పిపోయినచో రెండు ప్రాణములు లెక్కకు రాకపోవును.