ఇచ్చిన హారమునకు భిన్నమును మార్చుట

9/12ను 16 హారముగా గల భిన్నముగా వ్రాయుమనిన, 12 పదహారును నిశ్శేషముగా భాగింపదు గనుక అసాధ్యమని పెక్కురు విద్యార్థులు తేల్చివేయుదురు. అది తొందరపాటు. ముందుగా లవహారములను వాని గ.సా.భా. అయిన 3చే భాగింపవలెను, 3/4 వచ్చును. ఇప్పుడు రెంటిని 4చే గుణించిన 12/16. ముప్పావు రూపాయి పన్నెండణాలని మన పెద్దలు కాగితము లేకయే చెప్పిన లెక్క యిదియే.

కావున చూడవలసినది సూక్ష్మరూపమందలి హారమును. అది ఇచ్చిన హారమును నిశ్శేషముగా భాగించిననే లవము పూర్ణసంఖ్యగా లభించును.

రూపాయిలో మూడవ వంతును తీసికొందము. 16 అణాలలో అది కుదరదు. కాని అణాకు 12 దమ్మిడీల చొప్పున రూపాయికి 192 దమ్మిడీలు; 1/3 = 64/192, అనగా 5 అణాల 4 దమ్మిడీలు. ముగ్గురన్నదమ్ములు తగవు లేక పంచుకొనవచ్చును! 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలైనవి. కూడికలు సులభమైనవి, నిజమే. అయితే 3 నూరును భాగింపదు. బేడ, అనగా 1/8, సైతము 12½ పైసలయ్యెను. అణాలలో గాని దమ్మిడీలలో గాని ఇమడని ఐదవ వంతు మాత్రము 20/100గా చక్కగా అమరినది.